పుట్టింటి రామచిలుక, అత్తింటి పాలపిట్ట

దసరా సెలవులంటే పిల్లలకి ఆటలు, అమ్మలకి హోంవర్కు. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. 2024 దసరాకి మా అమ్మాయి ఆరో తరగతి. సెలవులిచ్చిన రోజు సాయంత్రం బ్యాగు సోఫాలో పడేసి, "అమ్మా, చార్టు చెయ్యాలి. తెలంగాణ రాష్ట్రం, వివరాలు, చిహ్నాలు" అంది. అని ఊరుకోకుండా, "నువ్వు ఆంధ్రా కదా, నీకు తెలుసా?" అని కూడా అంది.

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి కళ్ళలో నీళ్ళకి కారణం చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి మా సంగతి చెప్పాలి. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే వైపు. 2008లో పెళ్ళై పాతబస్తీ వచ్చాను. లాల్ దర్వాజలో అత్తవారిల్లు, మేడెక్కితే చార్మినార్ మినార్ల కొసలు కనిపిస్తాయి. వచ్చిన కొత్తలో "అత్తయ్యగారూ" అని పిలిస్తే, "గారు ఎందుకే, నేనేమన్న ఆఫీసరునా? అత్తమ్మా అను" అన్నారు మా అత్తమ్మ. అప్పట్నుంచీ అత్తమ్మే. 2013లో పురిటికి పుట్టింటికి వెళ్తే అక్కడే పుట్టింది మా అమ్మాయి. మరుసటి ఏడాది జూన్ 2న తెలంగాణ 29వ రాష్ట్రంగా ఏర్పడింది. ఇప్పుడు దేశంలో ఉన్నవి 28 రాష్ట్రాలే అనుకోండి, 2019లో జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతాలయ్యాక లెక్క మారింది. ఏడాది పిల్లని చంకనేసుకుని ఆ రాత్రి మేడ మీంచి టపాకాయల వెలుగు చూశాను. కింద మావారు, మరుదులు మిఠాయిలు పంచుతున్నారు. నేనూ పంచాను. తర్వాత అమ్మకి ఫోన్ చేస్తే, "ఇంక నీ రాష్ట్రం వేరు, నా రాష్ట్రం వేరు కదే" అంది. టీవీ కట్టేసి కూర్చున్నారట. నేనేమీ అనలేకపోయాను. రెండిళ్ళవాళ్ళ మీదా కోపం లేదు. రెండిళ్ళూ నావే. పెళ్ళైన ఆడవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, సరిహద్దు మనకి ముందే అలవాటు. కాకపోతే ఆ రోజు దాన్ని మ్యాపులో కూడా గీశారు.

సరే, చార్టు దగ్గరికి వద్దాం.

వివరాలు తేలిగ్గానే అయిపోయాయి. విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు మూడున్నర కోట్ల మంది. చుట్టూ మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్. సముద్రం లేదు. "అయ్యో, బీచ్ లేదా?" అని మా పిల్ల దిగులుపడింది. సముద్రం అమ్మమ్మగారింట్లో ఉంది కదా అన్నాను. మొదట 10 జిల్లాలు. 2016లో సరిగ్గా దసరా రోజున, అక్టోబర్ 11న, వాటిని 31 చేశారు. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. అన్నిటికంటే చిన్నది మా హైదరాబాద్ జిల్లాయే, 217 చదరపు కిలోమీటర్లు. ఆ చిన్న జిల్లాలో ట్రాఫిక్ మాత్రం 33 జిల్లాలదీ ఉంటుంది.

నదులు గీసేటప్పుడు నాకే ఒక కొత్త విషయం తట్టింది. పైన గోదావరికి నీలం గీత, కింద కృష్ణకి నీలం గీత గీసి, మధ్యలో మూసీకి సన్న గీత గీస్తోంది పిల్ల. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, మన నయాపూల్ కింద నుంచి పారి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది మూసీ. అక్కడ్నుంచి బెజవాడ, అక్కడ్నుంచి మా దివిసీమ, ఆపైన హంసలదీవి దగ్గర సముద్రం. అంటే పదహారేళ్ళుగా నేను నయాపూల్ మీద ముక్కు మూసుకుని దాటుతున్న నీళ్ళు చివరికి మా పుట్టింటికే పోతున్నాయన్నమాట! పిల్ల వేలు ఆ గీత వెంబడి లాల్ దర్వాజ నుంచి అవనిగడ్డ దాకా జరిపి, "అమ్మా, మన ఇంటి నీళ్ళు అమ్మమ్మ తాగుతుందా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత చిహ్నాలు. రాజముద్రలో కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్, పైన మూడు సింహాలు. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గారు రూపొందించారు. 1591లో కట్టిన చార్మినార్‌ని గియ్యడానికి మా పిల్ల ఫోను చూడనంది, మేడెక్కి చూసి గీసింది. ముద్ర మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి కదా, ఆ ఉర్దూ అక్షరాలు ఎదురింటి ఖాలా వచ్చి పెన్సిల్‌తో రాసిచ్చింది. రాష్ట్ర గీతం అందెశ్రీ గారిది, ఆ ఏడాది జూన్ 2నే అధికారికంగా తీసుకున్నారు. అది పిల్లకి నోటికొచ్చు.

ఇక మిగిలినవి పక్షి, జంతువు, చెట్టు, పువ్వు. నేను బడిలో చదువుకున్నది పాలపిట్ట, కృష్ణజింక, వేప, కలువ. ఉమ్మడి రాష్ట్రానివి. 2014 నవంబర్‌లో తెలంగాణ తనకంటూ పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు ప్రకటించుకుంది. పిట్ట ఒక్కటే మారలేదు. నాలుగేళ్ళపాటు నా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే పిట్టని పంచుకున్నాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకని, మల్లెపువ్వుని ఎంచుకుంది. వేప, కృష్ణజింక అలాగే ఉంచుకున్నారు. ఈ సంగతి అమ్మకి ఫోన్‌లో చెప్తే, "పోనీలే, చిలకైతే మన పెరట్లో జామచెట్టు మీదే ఉంటుంది" అంది తేలిగ్గా.

మా అత్తమ్మ పక్కనే కూర్చుని బతుకమ్మకి తంగేడు తుంచుతున్నారు. పల్లెల నుంచి కట్టలు కట్టలుగా తెచ్చి సందు మొదట్లో అమ్ముతారు. తంగేడు, జమ్మి అని వినగానే, "గివి సర్కారోళ్ళు కొత్తగ చెప్పుడేంది? తంగేడు లేకుంటే బతుకమ్మ నిలవడ్తదా? జమ్మి లేకుంటే దసరా అయితదా?" అన్నారు. నిజమే కదండీ. జింకని వదిలేస్తే మిగిలిన మూడూ పండగ సామాన్లే. ఆడవాళ్ళు ఏటా పళ్ళెంలో పెట్టుకునేవే గెజెట్‌లోకి ఎక్కాయి. జమ్మి సంగతి చెప్పాలంటే, రాజస్థాన్ వాళ్ళ రాష్ట్ర వృక్షం కూడా అదేనట, వాళ్ళు ఖేజ్రీ అంటారు. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశానికి జాతీయ వృక్షం ఘాఫ్ కూడా ఇదే చెట్టు. ఎదురింటి ఖాలా కొడుకు దుబాయ్‌లోనే ఉంటాడు. ఆవిడకి చెప్తే, "అచ్ఛా! మా వాడు నీడకి కూర్చునేది మీ పండగ చెట్టు కిందనా!" అని మురిసిపోయింది.

గొడవ వచ్చింది పాలపిట్ట దగ్గర.

పిల్ల ఫోన్‌లో ఫోటో చూసి, రెక్కలు విప్పి ఎగురుతున్న పాలపిట్టకి రంగులు వేసింది. ముదురు నీలం పట్టీ, లేత నీలం పట్టీ, మళ్ళీ ముదురు నీలం. అత్తమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "గిది పాలపిట్ట గాదు బిడ్డా. పాలపిట్ట గింత నీలం ఉండది. మట్టి రంగుల ఉంటది, తలకాయ మీద జెర్రంత నీలం" అన్నారు.

"కాదు నానమ్మా, ఇదే."

"నాకు డెబ్బై ఏండ్లు. యేడాదికొకసారి సూస్తున్న. నాకు చెప్పకు."

అప్పుడు అర్థమైంది నాకు. అత్తమ్మ పుట్టింది గౌలిపుర, మెట్టింది లాల్ దర్వాజ. ఆవిడ జీవితమంతా ఈ రెండు సందుల మధ్యే. దసరా నాడు పాలపిట్టని చూస్తే మంచిదని ఊళ్ళల్లో పొలిమేర దాటి వెళ్తారు. పాతబస్తీలో పొలిమేర ఎక్కడుంది? పంజరంలో పిట్టని పెట్టుకుని ఒకతను గుమ్మం ముందుకి వస్తాడు. అతని చేతిలో పదో ఇరవయ్యో పెట్టి, దణ్ణం పెట్టుకుని లోపలికి వస్తాం. నేనూ పదహారేళ్ళుగా అలాగే చూశాను. ఆ పిట్ట ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. ముడుచుకున్న పాలపిట్టలో కనిపించేది ఎక్కువగా గోధుమరంగే. నీలమంతా రెక్కల్లో ఉంటుంది. ఎగరకుండా ఆ రెక్కల్ని కట్టేస్తారు, కొందరు జిగురు కూడా పూస్తారు. కాళ్ళకి దారం. ఇదంతా పిల్ల చదివి చెప్పింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టని పట్టడం, అమ్మడం, ఇలా ఊరేగించడం అన్నీ నేరమే.

"ఈసారి పిట్టతను వస్తే మనం డబ్బులివ్వొద్దు. మనమిస్తేనే కదా వాళ్ళు పడతారు" అంది పిల్ల.

అత్తమ్మ చేతిలో తంగేడు ఆగిపోయింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ యేడు పిట్టోడు రాలె" అన్నారు మెల్లగా.

ఆ ఏడు అంటే 2020. కరోనా. దసరాకి సందులోకి ఎవ్వరూ రాలేదు, మేమూ తలుపు తియ్యలేదు. తర్వాతి ఎండాకాలంలో రెండో విడత వచ్చినప్పుడు మామయ్యగారు పోయారు. పన్నెండు రోజుల్లో అయిపోయింది అంతా. పిట్టని చూడకపోవడం వల్లే అలా జరిగిందని అత్తమ్మ మనసులో ముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు. ఎవరితోనూ అనరు. కానీ తర్వాతి మూడు దసరాలకీ తెల్లారకముందే గడప మీద కూర్చుని పిట్టతని కోసం ఎదురుచూశారు. ఒకసారి అతను మా సందుకి రాకపోతే, మావారిని పంపించి పక్క గల్లీ నుంచి పిలిపించుకున్నారు.

పిల్లకి ఇవన్నీ తెలియవు. "అది మూఢనమ్మకం నానమ్మా" అనేసింది. అత్తమ్మ పూలు అక్కడే వదిలేసి లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల చెప్పింది తప్పా? కాదు. పెద్దావిడ బాధ అబద్ధమా? అదీ కాదు. ఆవిడకి చట్టం చెప్పి నోరు మూయించడం ఎంతసేపు! కానీ భర్త పోయిన మనిషికి, నీ భయం తప్పు అని చెప్పేసి మనం తృప్తిగా పడుకోగలమా? మావారు సగం నిద్రలో, "నువ్వు, నీ బిడ్డ ఏదో ఒకటి చెయ్యండి, నన్నడగొద్దు" అన్నారు. కాసేపాగి మళ్ళీ తనే, "తుక్కుగూడ దాటితే పొలాలుంటాయి. కరెంటు తీగల మీద కూర్చుంటాయంటారు" అన్నారు.

పండగ రోజు పొద్దున్నే, అక్టోబర్ 12న, ఆరింటికల్లా బయల్దేరాం. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. ముందు సీటులో దిండు పెట్టి కూర్చోబెట్టాం. నిరుడే కంటి శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. "ఏడికి తోల్కపోతున్నరే నన్ను, పండుగ పూట" అని గొణుగుతూనే ఉన్నారు. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ దాటి శ్రీశైలం రోడ్డెక్కాం. తుక్కుగూడలో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కూడా వెంచర్ల బోర్డులే. ప్లాట్లు, ప్లాట్లు, ప్లాట్లు. మహేశ్వరం వైపు తిరిగాక కానీ పొలం కనిపించలేదు. గంట తిరిగాం. తీగల మీద కాకులు, గోరింకలు, నల్లగా తోక చీలిన పిట్టలు. పాలపిట్ట లేదు. పిల్ల మొహం చిన్నదైపోయింది. "ఇక వెనక్కి పోదాం, పూజకి టైమైతది" అన్నారు అత్తమ్మ. ఆ గొంతులో విసుగు లేదు, భయం ఉంది. అది నాకే వినిపించింది.

ఒక జొన్నచేను పక్కన మావారు కారాపి దిగారు, కాళ్ళు సాచుకోవడానికి. తీగ మీద దూరంగా ఒక పిట్ట. గోధుమరంగు రొమ్ము, మెడ లోపలికి లాక్కుని ముడుచుక్కూర్చుంది. అత్తమ్మ అద్దం దించి చూసి, "ఆగు! అగో... అదే! మట్టి రంగు. నేను చెప్పలే?" అన్నారు. పిల్ల ఏదో అనబోతే నేను చెయ్యి నొక్కాను.

పొలాల్లో పురుగుల్ని తింటుంది పాలపిట్ట. అలా తీగ మీద కూర్చుని, కింద మిడతో పురుగో కదిలితే దూకుతుంది. రైతుకి చుట్టమనేది అందుకే. మేం చూస్తుండగానే దూకింది.

రెక్కలు విప్పింది.

ఎలా చెప్పను మీకు! అంతవరకూ లేని రంగు గాలిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ముదురు నీలం, లేత నీలం, మళ్ళీ ముదురు. చేను మీద చుట్టు తిరిగి ఇంకో తీగ మీద వాలి, మళ్ళీ మట్టి రంగులోకి ముడుచుకుంది.

అత్తమ్మ చేతులు జోడించడం కూడా మర్చిపోయారు. చాలాసేపటికి, "డెబ్బై ఏండ్ల సంది నేను పిట్టనే సూడలేదే" అన్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగి పిల్లతో, "నీ బొమ్మ కరెక్టే బిడ్డా" అన్నారు.

వచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. పహాడీషరీఫ్ దగ్గర అత్తమ్మ ఉన్నట్టుండి, "ఆయన గిట్ల సూస్తే ఎంత సంబరపడునో" అన్నారు. మూడేళ్ళలో మామయ్యగారి గురించి ఏడవకుండా మాట్లాడింది అదే మొదటిసారి.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుండేది. కానీ సాయంత్రం పిట్టతను వచ్చాడు. "అమ్మా, పాలపిట్ట" అని అదే కేక. అత్తమ్మ గడప దగ్గరికి వెళ్ళారు. పంజరంలో ముడుచుకుని పిట్ట. "సూసినం కొడకా. ఎగురుతుంటె సూసినం. ఇగ దీన్ని సూడలేను" అన్నారు. అతను నిలబడే ఉన్నాడు. పొద్దుట్నుంచీ తిరుగుతున్నట్టున్నాడు, కాళ్ళనిండా దుమ్ము. అత్తమ్మ లోపలికొచ్చి ఆకులో నాలుగు గారెలు, రెండు భక్ష్యాలు పెట్టి ఇచ్చారు, డబ్బులు మాత్రం ఇవ్వలేదు. "వచ్చేయేడు పిట్టను తేకు. ఉత్తగ రా, తినిపో" అన్నారు. పిల్ల పంజరం తెరవమని ఏడుపు. రెక్కలు కట్టేసి ఉన్నాయి, ఇప్పుడు వదిలినా ఎగరలేదు, కుక్కలో పిల్లులో పట్టేస్తాయి, అటవీ శాఖ వాళ్ళే తీసుకెళ్ళి బాగుచెయ్యాలి అని మావారు నచ్చజెప్పి ఫోన్ అందుకున్నారు. నంబరు వెతికి, కలిపేసరికి అతను సందు మలుపు తిరిగిపోయాడు. నాలుగిళ్ళ అవతల "పాలపిట్ట" అన్న కేక, గుమ్మం తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. పోయినేడు వరకూ ఆ తలుపు మాదే. అందుకని వాళ్ళని ఏమీ అనలేను. ఈసారి మాత్రం దసరాకి ముందే ఆ నాలుగిళ్ళకీ వెళ్ళి ఈ కథ చెప్పి వస్తాను. అటవీ శాఖ నంబరు కూడా ముందే ఫ్రిజ్ మీద అంటించాను.

రాత్రి జమ్మి ఆకులు పంచుకున్నాం. బంగారమంటూ పిల్ల నానమ్మ చేతిలో ఆకు పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టింది. పెట్టి, "నానమ్మా, నేను అమ్మమ్మగారింట్లో పుట్టాను కదా. మరి నా పిట్ట చిలకా, పాలపిట్టా?" అని అడిగింది. ఈ ప్రశ్నకి పదేళ్ళుగా నా దగ్గర జవాబు లేదు.

అత్తమ్మ ఆకుని కళ్ళకద్దుకుంటూ, "రెండూ నీయే. పిట్టలకు ఎరికనా బిడ్డా, ఏ రాష్ట్రం ఏడ మొదలైతదో" అన్నారు.

చార్టు ఇంకో వారం బల్ల మీదే ఉంది. బడికి తీసుకెళ్ళే ముందు చూస్తే, మూలన పెన్సిల్‌తో చిన్న రామచిలుక కూడా ఉంది. మార్కులు తగ్గుతాయేమో అన్నాను. తగ్గితే తగ్గనీ అంది.